జపాన్ తోటను చూడటం నేర్చుకుందాం – 4: నీటి వెంట నడక

గత పాఠంలో ఒకచోట కూర్చుని చూసే రాళ్ల తోటల గురించి చెప్పుకున్నాం. ఈసారి నడుస్తూ చూసే తోట. కనజవా నగరంలోని కెన్‌రొకుఎన్‌ను తీసుకుందాం. మామూలుగా ఏప్రిల్ మొదట్లో ఇక్కడ చెర్రీ పూలు విరగబూస్తాయి. ఆ కొద్ది రోజులూ టికెట్ లేకుండానే లోపలికి వదులుతారు కాబట్టి జనం కిటకిటలాడుతుంటారు. ఫోన్లన్నీ కొమ్మల వైపే. మీరు మాత్రం కాసేపు కిందికి చూడండి.

ఇవాళ నేర్చుకోవాల్సింది ఒక్కటే: నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోతున్నాయో కనిపెట్టడం.

యమజకియమ గుట్ట దగ్గర మొదలుపెట్టండి. సాయి నది నుంచి తత్సుమి కాలువలో వచ్చిన నీళ్లు తోటలోకి అడుగుపెట్టేది ఇక్కడే. 1631లో ఊరు తగలబడింది. కోటకు నీళ్లు కావాలని మరుసటి ఏడే మయెద తొషిత్సునె ప్రభువు ఈ కాలువ తవ్వించాడు. మధ్యలో పల్లం ఉన్నా, గొట్టాల్లో నీళ్లను దించి, ఆ ఒత్తిడితోనే అవతల కోటలోకి ఎక్కించారు. తోట పని మొదలైంది తర్వాత, 1676 ప్రాంతంలో. అంటే కాలువే అన్న, తోట తమ్ముడు.

ఇప్పుడు వాగు వెంట హనమి వంతెన దాకా రండి. ఇక్కడ తొందరపడకండి. నీటి మీద తేలుతున్న ఒక్క రేకును ఎంచుకుని దాని పక్కనే నడవండి. తిన్నగా ఉన్నచోట అది సాఫీగా సాగిపోతుంది. వంపు దగ్గర బయటి అంచున పడితే జోరందుకుంటుంది, లోపలి అంచుకు చేరితే మందగించి అక్కడే తిరుగుతుంది. రేకులు గుంపుగా పేరుకున్న చోటు కనిపిస్తే అక్కడ నీళ్లు నెమ్మదించాయని లెక్క. వాలు ఎంతుందో, వంపు ఏం చేస్తోందో రేకులే చూపిస్తాయి. వసంతంలోనే ఈ పాఠం పెట్టడానికి కారణం అదే.

వాగు కసుమిగఇకె చెరువులో కలుస్తుంది. ఒడ్డున రెండు కాళ్ల రాతి దీపం ముందు ఫొటోల కోసం పెద్ద క్యూ ఉంటుంది. దాన్ని దాటి కిందికి దిగండి. అక్కడ సుమారు మూడున్నర మీటర్లు ఎగజిమ్మే ఫౌంటెన్ ఉంది. మోటారు లేదు, పంపు లేదు. పైనున్న చెరువు నీటి బరువే దాన్ని నెడుతుంది. చెరువు మట్టం మారితే ఫౌంటెన్ ఎత్తూ మారుతుంది. నీరు పల్లమెరుగు అంటాం కదా, దాన్ని గొట్టంలో బిగిస్తే పైకి కూడా లేస్తుంది. తోటలో అన్నిటికంటే తెలివైన పని ఇదేనని నా అభిప్రాయం. చాలామంది నిమిషం కూడా ఆగరు. చివరి మజిలీ మిదొరితకి జలపాతం. అదే చెరువు నీళ్లు 6.6 మీటర్ల ఎత్తు నుంచి హిసగోఇకె అనే దిగువ చెరువులోకి దూకుతాయి.

అభ్యాసం: ఒక కాగితం మీద గుట్ట, వాగు, పై చెరువు, ఫౌంటెన్, జలపాతం, దిగువ చెరువు వరుసగా గీసి, బాణాలతో కలపండి. జపాన్ వెళ్లే వీలు లేనివాళ్లు తోట మ్యాప్ ముందు పెట్టుకుని గీయొచ్చు. తర్వాత నీళ్ల శబ్దం ఎక్కడ పెరుగుతుందో, ఎక్కడ వినిపించదో ఊహించి గుర్తులు పెట్టండి. వచ్చే పాఠంలో చెట్లను ఊతకర్రలతో ఎందుకు నిలబెడతారో చూద్దాం. ఈ కాగితం అప్పుడు కూడా కావాలి, పారేయకండి.