పేద ప్రాంతాల్లో చిన్నపిల్లల వికాసాన్ని కొలవడం ఎలా?

ఎత్తు, బరువు కొలవడం తేలికే. కానీ పాపకి ఎన్ని మాటలు అర్థమవుతున్నాయో, ఏడుపు మొదలుపెడితే ఎంతసేపటికి సర్దుకుంటోందో ఏ త్రాసూ చెప్పదు. అందుకే చాలాచోట్ల చుట్టుదారిలో అంచనా కట్టేస్తారు. పేద, మధ్యాదాయ దేశాల్లో ఐదేళ్ల లోపు పిల్లల్లో 43 శాతం మంది, అంటే దాదాపు 25 కోట్ల మంది, వెనకబడే ప్రమాదంలో ఉన్నారని 2016లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన లెక్క అలాంటిదే. వయసుకి తగ్గ ఎత్తు లేకపోవడం, కటిక పేదరికం ఈ రెండింటినీ పట్టుకుని వేసిన లెక్క అది, పిల్లల్ని ఒక్కొక్కరిగా పరీక్షించి తేల్చింది కాదు. దేశాల గురించి మాట్లాడటానికి పనికొస్తుంది. మీరు పిల్లల కోసం నడిపే కార్యక్రమంలో ఉన్నవాళ్లు నిజంగా ఏం నేర్చుకున్నారో తెలియాలంటే మాత్రం వాళ్ల దగ్గరికే వెళ్లాలి.

1. ఎందుకు కొలుస్తున్నారో ఒక్క వాక్యంలో రాసుకోండి. రాయలేకపోతే అక్కడే ఆగండి. జనాభా మొత్తం ఎలా ఉందో చూడటం, ఒక కార్యక్రమం వల్ల మార్పు వచ్చిందా అని చూడటం, ఫలానా బిడ్డకి సమస్య ఉందేమో పట్టుకోవడం, ఇవి మూడూ వేర్వేరు పనులు. ఉదాహరణకి యూనిసెఫ్ వాళ్ల ఈసీడీఐ2030 అనే ప్రశ్నావళిలో 20 ప్రశ్నలుంటాయి, 24 నుంచి 59 నెలల పిల్లల గురించి తల్లిని గానీ పెంచేవాళ్లని గానీ అడుగుతారు. అది జనాభా స్థాయి లెక్క కోసం తయారైంది, దాన్ని పట్టుకుని ఒక బిడ్డని చూపించి "ఈమె వెనకబడింది" అనేయడం తప్పు.

2. సాధనాన్ని ఎంచుకోండి. మూడేళ్లలోపు పిల్లలకి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో విడుదల చేసిన జీఎస్ఈడీ అనే వికాస పరీక్ష ఉంది. అందులో తల్లిని అడిగే రూపం ఒకటి, బిడ్డతో నేరుగా చేయించే రూపం ఇంకొకటి. మలావీలో అక్కడి పిల్లల కోసమే తయారైన పరీక్ష పుట్టినప్పటి నుంచి ఆరేళ్ల దాకా పనికొస్తుంది. బడికి ముందు వయసు వాళ్లకి సేవ్ ద చిల్డ్రన్ సంస్థ వాళ్ల ఐడెలా అనే పరీక్ష ఉంది. బేలీ అనే ఇంకో వికాస పరీక్ష లోతుగా చూస్తుంది, నిజమే, కానీ కిట్టు ఖరీదు, శిక్షణ పొడవు చూసుకుని దిగండి. తల్లిని అడగడం చవక, త్వరగా అయిపోతుంది, కాకపోతే తను ఎప్పుడూ గమనించని విషయం అడిగితే ఆమె ఊహించి చెబుతుంది.

3. వయసు. నన్నడిగితే సగం పని ఇదే, కానీ అందరూ తొందరగా దాటేసేదీ ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పిల్లలే సాయం లేకుండా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా మొదలుపెట్టొచ్చు, అంటే మామూలు పిల్లల మధ్యే అంత తేడా ఉంటే, దాని మీద వయసులో రెండు నెలలు తప్పు పడితే స్కోరుకి ఇక అర్థం ఏముంటుంది? "ఎన్ని నెలలు?" అని అడగొద్దు, పుట్టిన తేదీ అడగండి, టీకా కార్డు చూడండి. కార్డు లేకపోతే పండగలు, కోతలు, వానలు రాసిన క్యాలెండర్ ముందు పెట్టి "దీనికి ముందా, తర్వాతా?" అని వెతుక్కుంటూ రండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయితే రెండేళ్ల దాకా ఆ తగ్గిన వారాలు తీసేసి లెక్క కట్టండి. డేటా వచ్చాక చాలామంది పిల్లలు సరిగ్గా 12, 24, 36 నెలల దగ్గరే పోగుపడి కనిపిస్తే, ఎవరో అంచనాగా రాసేశారని అర్థం.

4. అనువదించి, ఆ ఊరికి సరిపోయేలా మార్చండి. ఒకరు అనువదిస్తే, మూలం చూడని ఇంకొకరు దాన్ని మళ్లీ మూలభాషలోకి అనువదించాలి. అంతటితో సరిపోదు, కొందరు తల్లులకి ప్రశ్న చదివి "మీకు ఏం అర్థమైంది?" అని అడగండి, వచ్చే జవాబులు విని మీరే ఆశ్చర్యపోతారు. బొమ్మల పుస్తకం ఎప్పుడూ చూడని బిడ్డ బొమ్మని గుర్తుపట్టకపోతే అది తెలివి సంగతి కాదు, అలవాటు సంగతి. అలాగని వస్తువుని మార్చేసి ఊరుకోకండి, వస్తువు మారితే ప్రశ్న కష్టం కూడా మారుతుంది. కొద్దిమంది పిల్లల మీద ముందు ప్రయత్నించి చూడండి. చిన్నా పెద్దా అందరూ చేసేసే ప్రశ్న గానీ, ఎవరూ చేయలేని ప్రశ్న గానీ ఉంటే దాని వల్ల ఏమీ తెలియదు.

5. శిక్షణ ఇవ్వండి. ఒకే బిడ్డని ఇద్దరు చూస్తూ విడివిడిగా మార్కులు వేయాలి, ఇద్దరివీ కలవకపోతే ఫీల్డుకి పంపొద్దు. కొత్త మనిషిని చూసి బిడ్డ బిగుసుకుపోవడం మామూలే, ముందు కాసేపు ఊరికే ఆడించండి. ఆకలిగానో నిద్రమత్తులోనో ఉంటే మళ్లీ రండి. అమ్మ పక్కనుంచి సాయం చేస్తే మర్యాదగా ఆపండి. అన్నిటికన్నా ముఖ్యంగా "చేయలేదు", "చేయనంది" అనే రెండింటికీ వేర్వేరు గడులు పెట్టండి, లేకపోతే సిగ్గుపడే పిల్లలందరూ మీ లెక్కలో వెనకబడిన పిల్లలైపోతారు.

6. ఇంటి సంగతి కూడా అడగండి: గత మూడు రోజుల్లో ఎవరు ఆడించారు, ఎవరు కబుర్లు చెప్పారు, ఆటవస్తువులు ఏమున్నాయి. బిడ్డ స్కోరు ఒక్కటే ఉంటే ఎక్కడ చేయి వేయాలో తెలియదు.

7. లెక్క చూసేటప్పుడు అదే వయసు పిల్లలతోనే పోల్చండి. ఎక్కడో ధనిక దేశంలో తయారైన సగటుతో పోల్చి ఇంతమంది వెనకబడ్డారని రాయకండి. ఇంకొకటి, ఇంటింటికీ తిరిగేటప్పుడు పిలిస్తే తల తిప్పని బిడ్డ, చూపు సరిగా లేని బిడ్డ తప్పకుండా ఎదురవుతారు. అలాంటప్పుడు ఆ తల్లిని ఎక్కడికి పంపాలో, ఏ రోజు వెళ్లాలో రాసిన కాగితం మొదటి రోజు నుంచే ప్రతి ఒక్కరి సంచిలో ఉండాలి. అది సిద్ధం కాకపోతే సర్వేని ఒక వారం వెనక్కి జరపండి.