ప్రొజెక్టైల్ (గాలిలకు ఇసిరిన వస్తువు) లెక్క ఎట్ల చేయాలె? అంతా ప్లస్, మైనస్ గుర్తుల కాడనే ఉంటది

హన్మకొండల ఇంటర్ ఫస్టియర్ పిల్లలకు ట్యూషన్ చెప్పవట్టి చాన ఏండ్లయింది, ప్రతిసారి గదే తప్పు చూసి చూసి ఇసుగొచ్చి రాస్తున్న.

పెన్సిలు, కాయితం చాలు. కాలిక్యులేటర్ ముట్టొద్దు, ఈఏపీసెట్‌ల (పాత ఎంసెట్) ఎట్లాగు ఇయ్యరు. బొమ్మ గీసి వేగాన్ని రెండు ముక్కలు చేయుర్రి, అడ్డం ముక్క యు కాస్ థీటా, నిలువు ముక్క యు సైన్ థీటా (యు అంటే ఇసిరిన వేగం, థీటా అంటే నేలకు సమాంతరంగ ఉన్న గీతతోని అది చేసే కోణం). అడ్డం దిక్కు వేగం మారదు, నిలువు దిక్కు జి (భూమి గుంజుడుతోని వచ్చే త్వరణం) ఒక్కటే పనిచేస్తది. గాలిని పట్టించుకోం. ఇక్కడిదాంక అందరికి వస్తది.

ఇగ అసలు తిప్పలు. 15 మీటర్ల బిల్డింగు మీదికెళ్లి సెకనుకు 20 మీటర్ల వేగంతోని, 30 డిగ్రీలు పైకి రాయి ఇసిరినం. జి 10 అనుకుంటే నిలువు వేగం 10, అడ్డం 17.3. చానమంది టైమ్ ఆఫ్ ఫ్లైట్ (గాలిల ఉండే టైము) సూత్రం పెట్టి 2 సెకన్లని రాసి చేతులు దులుపుకుంటరు. అరే, ఆ సూత్రం ఇసిరిన ఎత్తుకే వచ్చి పడ్డప్పుడు! 2 సెకన్లకు రాయి ఇంకా బిల్డింగు ఎత్తులనే ఉన్నది.

ఇసిరిన చోటు సున్నా, పైకి ప్లస్. బొమ్మ పక్కన బాణం గీసి ప్లస్ అని రాయకుండ ముందుకు పోవద్దు. అప్పుడు జి మైనస్, నేల మైనస్ 15. టి అంటే ఇసిరినంక గడిచిన సెకన్లు అనుకుంటే 10టి − 5టి² = −15, టి 3 లేకపోతే −1. ఆ 15కు మైనస్ మర్చిపోతే, అంతా 5తోని భాగించినంక రూట్ లోపల −8 వస్తది, పుస్తకంలనే తప్పున్నదని నాతోని కొట్లాడిన పోరడు కూడ ఉన్నడు. రాయి లేచేదే 5 మీటర్లు, 15 మీటర్లు పైకెట్ల పోతది మరి? −1 కూడ ఉత్తగ రాలే, అదే దారిల నేల మీదికెళ్లి వచ్చుంటే 1 సెకను ముందు బయలుదేరేది.

కొందరు కిందికి ప్లస్ తీసుకుంటరు, తప్పు కాదు గానీ సగంల మర్చిపోయి ఆగమైతరు. ఇంకొందరు ఎక్కుడు 1 సెకను, 20 మీటర్లు దిగుడు 2 సెకన్లని ఇడగొట్టి చేస్తరు, జవాబు గదే, కానీ పని డబుల్, నాకైతే నచ్చదు.

ఇగ రాయి బిల్డింగుకు ఎంత దూరంల పడ్డదంటే, 17.3ని 3తోని గుణిస్తే దగ్గర దగ్గర 52 మీటర్లు. సరిచూసుకోవాలంటే పడేటప్పటి నిలువు వేగం 20, అడ్డం, నిలువు వేగాల వర్గాలు కలిపితే 300 ప్లస్ 400. ఎనర్జీ తీరుగ చేసినా ఇసిరిన వేగం వర్గం 400 ప్లస్ 2×10×15, రెండూ 700. కలువకపోతే మళ్ల ఆ బాణం కాడికే పోవాలె.