కొత్త పికప్ బండి కొనేటప్పుడు ఏం చూడాలి? మొదట్లోనే లోపం బయటపడితే ఏం చేయాలి?

టాటా ఏస్, బొలెరో పికప్, దోస్త్, ఇంట్రా... పేరు ఏదైనా, మన దగ్గర పికప్ కొనేవాళ్లలో ఎక్కువమందికి అది షోకు కాదు, బతుకుతెరువు. కారు వారం రోజులు షెడ్డులో ఉంటే ఆటోలో తిరుగుతాం. పికప్ ఆగిపోతే కిరాయి పోతుంది, పార్టీ వేరే బండి మాట్లాడుకుంటుంది, ఈఎంఐ మాత్రం తేదీ తప్పకుండా వస్తుంది. అందుకే ఈ బండి విషయంలో రెండు పనులు అసలు వాయిదా వేయకూడదు. ఒకటి, బిల్లు కాకముందు చేసే పరీక్ష. రెండు, లోపం కనిపించిన రోజే రాయించుకునే కాగితం.

ముందు లోడు లెక్క, తర్వాతే మోడల్

ఏ బండి మంచిదని అడిగే ముందు, మీరు వేసే సరుకు బరువెంతో, ఏ రోడ్ల మీద తిరుగుతారో తేల్చుకోండి. ఆర్‌సీలో ఉండే గ్రాస్ బరువు (సరుకుతో కలిపి బండికి అనుమతించిన మొత్తం బరువు)లోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే మీరు వేయగలిగే లోడు. పైన కట్టించే ఇనుప గ్రిల్లు, రేకుల కవరు, కింద పరిచే ప్లేటు అన్నీ ఆ లోడులోంచే తగ్గుతాయి. డ్రైవరు, క్లీనరు కూడా లెక్కలోకే వస్తారు.

మదనపల్లెలో టమాటా క్రేట్లు ఎత్తేవాళ్లైనా, గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) తోలేవాళ్లైనా సీజన్లో అదనంగా వేయక తప్పదంటారు. రోజూ అదనంగా వేయాల్సిన పనే అయితే పై సైజు బండి కొనడమే నయం. చిన్న బండి కొని దానిమీద భారం వేస్తే, రేపు యాక్సిల్ గానీ, కమాన్లు (స్ప్రింగు పట్టీలు) గానీ పోయినప్పుడు వారంటీ ఇవ్వననడానికి కంపెనీకి దొరికే మొదటి సాకు ఓవర్‌లోడే. చేపలు, రొయ్యల లోడు వేసేవాళ్లకు ఇంకో బెడద ఉంది. ఉప్పునీరు కారి డెక్కు అడుగు, ఛాసిస్ తుప్పు పడతాయి. తుప్పు నిరోధక పూత సంగతి కొనేటప్పుడే మాట్లాడుకోవాలి.

గ్రాస్ బరువు 3,000 కిలోలు దాటని గూడ్స్ బండికి మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. అది దాటే పికప్‌లూ ఉన్నాయి, కాబట్టి అడిగి తెలుసుకోండి. లైసెన్సు గురించి టెన్షన్ వద్దు. 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతో నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది.

బేరం

ఇక్కడ ఎక్కువ చెప్పడానికి లేదు. ఇద్దరు డీలర్ల దగ్గర ఆన్‌రోడ్ ధర విడివిడి పద్దులతో రాయించుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు రవాణా బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది, కొటేషన్లో ఆ లెక్కే ఉందో లేదో చూడండి. హ్యాండ్లింగ్ చార్జీ అని రాస్తే దేనికని అడగండి. ఇన్సూరెన్సు షోరూమ్‌లోనే తీసుకోవాలన్న నిబంధన ఏదీ లేదు.

వారంటీ దగ్గర మాత్రం కాస్త ఆగండి. "ఇన్నేళ్లు లేదా ఇన్ని కిలోమీటర్లు, ఏది ముందైతే అది" అని రాసి ఉంటుంది. రోజుకు 200 కిలోమీటర్లు తిరిగే బండికి 72,000 కిలోమీటర్ల వారంటీ ఏడాదికే అయిపోతుంది. కిరాయి బండికి ఏళ్ల లెక్క కంటే కిలోమీటర్ల లెక్కే ముఖ్యం. క్లచ్ ప్లేటు, బ్రేకు లైనింగు, ఫిల్టర్లు లాంటివి సాధారణంగా వారంటీలోకి రావు. టైర్లకు, బ్యాటరీకి వాటి కంపెనీల వారంటీ వేరుగా ఉంటుంది. ఆ కార్డులు అడిగి తీసుకోండి.

బిల్లు కాకముందే యార్డులో చూడండి

చాలామంది పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టే రోజున బండిని మొదటిసారి చూస్తారు. అప్పటికే ఇన్వాయిస్ మీ పేరు మీద అయిపోయి, ఇన్సూరెన్సు కట్టేసి, తాత్కాలిక నంబరు కూడా వచ్చేసి ఉంటుంది. ఆ తర్వాత గీత చూపించినా, లీకు చూపించినా "సర్వీసులో చేసిపెడతాం సార్" అనే మాటే వినిపిస్తుంది. వేరే బండి ఇవ్వమని అడిగే బలం మీకు ఇన్వాయిస్ కాకముందే ఉంటుంది. కాబట్టి డబ్బు పూర్తిగా కట్టే ముందు ఛాసిస్ నంబరు రాయించుకుని, పగటి వెలుతురులో యార్డుకు వెళ్లి అదే నంబరున్న బండిని చూడండి. వెంట అనుభవమున్న డ్రైవరు ఒకరుంటే చాలు.

మొదట బండి వయసు చూడాలి. డీలరు ఇచ్చే ఫారం 21 (అమ్మకం సర్టిఫికెట్)లో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. దాన్ని ఛాసిస్ ప్లేటుతో పోల్చండి. టైరు పక్కన నాలుగు అంకెలు ఒక గుండ్రటి గడిలో ఉంటాయి. 3225 అంటే 2025లో 32వ వారంలో చేసిన టైరు. స్టెప్నీతో సహా అన్ని టైర్లూ ఒకే కంపెనీవి, దగ్గర దగ్గర తేదీలవి ఉండాలి. ఒక్క టైరు తేడాగా ఉంటే ఎందుకో అడగండి. నెలల తరబడి ఎండలో నిలబడ్డ బండికి బ్యాటరీ నీరసిస్తుంది, రబ్బర్లు బిగుసుకుపోతాయి. పాత స్టాకు తీసుకోకూడదని కాదు, తగ్గింపు బాగుంటే తీసుకోవచ్చు. కానీ పాతదని తెలిసి తీసుకోవాలి.

తర్వాత బండి కిందకు వంగి చూడండి. ఇంజిన్ అడుగున, గేర్‌బాక్సు దగ్గర, వెనక యాక్సిల్ మధ్య గుండు దగ్గర నూనె చెమ్మ ఉండకూడదు. ఛాసిస్ మీద కొత్తగా వేసిన నల్ల రంగు, వెల్డింగు ముక్కలు కనిపిస్తే అది దారిలో దెబ్బతిన్న బండి కావచ్చు. డాలా (వెనక తలుపు) తెరిచి మూయండి, గొళ్లేలు సరిగ్గా పడుతున్నాయో చూడండి. చల్లగా ఉన్న ఇంజినును మీరే స్టార్ట్ చేయండి. ముందే వేడి చేసి ఉంచిన ఇంజిన్ మీద ఏ పరీక్షా పనికిరాదు. పది నిమిషాలు ఐడిల్‌లో వదిలి, మళ్లీ కింద చూడండి. యార్డులోనే అన్ని గేర్లూ వేసి, ముందుకూ వెనక్కూ నడపండి. మీటరు రీడింగు ఫొటో తీయండి. యార్డు నుంచి షోరూమ్‌కు వచ్చేంత దూరం ఉంటే పర్వాలేదు, వందల్లో ఉంటే మాత్రం రాతపూర్వకంగా కారణం అడగండి.

బాడీ, బొమ్మలు, లైట్లు కొంచెం ఆగాక

నా సలహా ఒక్కటే. మొదటి ఉచిత సర్వీసు అయ్యేదాకా బండిని కంపెనీ ఇచ్చినట్టే తిప్పండి. కొత్త బండి రాగానే అదనపు కమాన్ పట్టీ వేయించడం, పాటల సిస్టమ్, జీపీఎస్, నాలుగు హారన్లు, ఎల్‌ఈడీ లైన్లు బిగించడం ఆచారంగా మారింది. వైరు ఎక్కడ కోస్తే అక్కడి కరెంటు సమస్యలన్నీ మీ ఖాతాలోకి వస్తాయి. పట్టీ వేయిస్తే సస్పెన్షన్ వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే. వెనక బాడీ లేని క్యాబ్-ఛాసిస్ కొని బయట బాడీ కట్టించేవాళ్లు బాడీ మేస్త్రీ బిల్లు, కట్టిన తేదీ దాచుకోవాలి. రేపు క్యాబిన్లో నీళ్లు కారితే కంపెనీ బాడీ బిల్డరును చూపిస్తుంది, అతను కంపెనీని చూపిస్తాడు.

ఏది మామూలు, ఏది లోపం

కొత్త బండి మొదటి రోజుల్లో సైలెన్సరు వేడికి కాలిన వాసన రావడం మామూలే. ఖాళీ పికప్ గతుకుల్లో వెనక ఎగరడం కూడా మామూలే, ఆ కమాన్లు లోడు కోసం బిగువుగా పెట్టినవి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లలో చాలావాటికి పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. డీపీఎఫ్ అంటారు. ఊళ్లోనే చిన్న చిన్న ట్రిప్పులు తిరిగే బండిలో అది నిండి, మీటరులో లైటు వెలుగుతుంది. మాన్యువల్‌లో చెప్పినట్టు కాసేపు హైవే మీద ఒకే వేగంతో నడిపితే మసి కాలిపోయి లైటు ఆరుతుంది. అలా నడిపినా మళ్లీ మళ్లీ వెలుగుతుంటే మాత్రం అది రాయించాల్సిన విషయమే.

సమతలంగా ఉన్న రోడ్డు మీద బండి ఒక పక్కకు లాగడం, గేరు దానంతట అది జారడం, కూలెంటు తగ్గిపోవడం, ఒక వేగంలో స్టీరింగు వణకడం, వెనక యాక్సిల్ నుంచి కూత, కొన్ని వేల కిలోమీటర్లకే టైరు ఒక అంచున అరగడం మామూలు కావు. "రన్నింగ్ అయ్యేకొద్దీ సెట్ అవుతుంది" అని షెడ్డులో ఎవరైనా అంటే, ఆ మాటే జాబ్ కార్డులో (బండి సర్వీసుకు ఇచ్చినప్పుడు ఫిర్యాదులు రాసే కాగితం) రాసివ్వమనండి. సాధారణంగా రాయరు.

జాబ్ కార్డులోనే ఉంది అసలు బలం

సర్వీస్ సెంటరుకు వెళ్లగానే అడ్వైజరు కంప్యూటరులో "జనరల్ చెకప్" అని కొట్టి సంతకం పెట్టమంటాడు. పెట్టకండి. ఆరు నెలల తర్వాత కంపెనీ తన రికార్డు తీస్తే అందులో మీ బండికి ఫిర్యాదే ఉండదు, సర్వీసులు మాత్రమే ఉంటాయి. కేసులు ఓడిపోయేది ఎక్కువగా ఇక్కడే.

"బండి బాగాలేదు" అని కాకుండా ఇలా రాయించండి: "1,240 కిలోమీటర్ల దగ్గర మొదలైంది. 60 నుంచి 70 వేగంలో నాలుగో గేరులో స్టీరింగు వణుకుతోంది. ఖాళీగానూ, లోడుతోనూ వస్తోంది." వేగం, గేరు, లోడు, ఇంజిన్ చల్లగా ఉందా వేడిగా ఉందా అన్నవి తప్పక ఉండాలి. రెండోసారి అదే లోపానికి వెళితే "రిపీట్" అనీ, పాత జాబ్ కార్డు నంబరూ రాయించండి. టెక్నీషియన్ను పక్కన కూర్చోబెట్టుకుని లోపం చూపించండి, వీలైతే స్టీరింగు అతనికే ఇవ్వండి. మీటరు కనిపించేలా, శబ్దం వినిపించేలా వీడియో తీసిపెట్టుకోండి. స్కానరు పెడితే కోడ్లు చెరిపే ముందు స్క్రీన్ ఫొటో తీసుకోండి. చెరిపేశాక ఏముందో చెప్పేవాళ్లు ఉండరు.

బండి తీసుకునేటప్పుడు "వారంటీలో చేశాం, బిల్లు ఎందుకు" అంటారు. సున్నా రూపాయల బిల్లైనా కావాలి. ఏ పార్టు మార్చారు, బండి లోపల ఎన్ని రోజులు ఉంది అన్నది అందులోనే తెలుస్తుంది. నడిపి చూడకుండా తృప్తిగా ఉందన్న కాగితం మీద సంతకం చేయవద్దు. తప్పనిసరైతే సంతకం కింద "వణుకు ఇంకా ఉంది" అని మీ చేతిరాతతో రాయండి. తెలుగులో రాసినా చెల్లుతుంది.

ఇంకో మూడు జాగ్రత్తలు. ఓవర్‌లోడు వాదన వస్తే ఎదురు చెప్పడానికి కాటా చీటీలు దాచండి. వారంటీలో ఉన్న ఇంజినును బయటి మెకానిక్ చేత విప్పించకండి, అతను విని అభిప్రాయం చెబితే చాలు. షోరూమ్ మీద కోపంతో ఈఎంఐ ఆపకండి. ఫైనాన్స్ కంపెనీకి బండి లోపంతో సంబంధం లేదు. కంతులు తప్పితే బండీ పోతుంది, సిబిల్ స్కోరూ పోతుంది.

షెడ్డు దాటి పైకి వెళ్లడం

ఒకే లోపం మూడోసారి వచ్చిందంటే అడ్వైజరుతో మాట్లాడటం వృథా. వర్క్స్ మేనేజరుకు, కంపెనీ కస్టమర్ కేర్‌కు ఒకే ఈమెయిల్ పంపండి. ఛాసిస్ నంబరు, జాబ్ కార్డుల తేదీలు, ఇప్పటి లోపం, మీకు కావలసింది, అంతే. తిట్లు వద్దు, పేజీలూ వద్దు. కంపెనీ ఇంజినీరు వచ్చి చూడాలని అడగండి. డీలరు చేతకాని పనులు చాలావరకు అక్కడే తెగుతాయి. పది పదిహేను రోజుల్లో కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడవచ్చు. అది కోర్టు కాదు, కంపెనీకి ఫిర్యాదు చేరవేసి జవాబు రాబట్టే వేదిక.

బ్రేకులు, స్టీరింగు లాంటి ప్రాణాపాయం ఉన్న లోపమైతే కేంద్ర రవాణా శాఖ రీకాల్ పోర్టల్‌లో కూడా నమోదు చేయండి. 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, ఏడేళ్లలోపు వాహనాల మీద ఫిర్యాదులు తగినన్ని వస్తే బండ్లను వెనక్కి పిలిపించమని ప్రభుత్వం కంపెనీని ఆదేశించగలదు.

వినియోగదారుల కమిషన్

"కిరాయి బండి కదా, కమిషన్‌కు వెళ్లే హక్కు మీకు లేదు" అని బెదిరించేవాళ్లుంటారు. అది సగమే నిజం. వ్యాపారం కోసం కొన్నవాళ్లు వినియోగదారులు కారు కానీ, స్వయం ఉపాధితో బతకడానికి కొన్నవాళ్లు వినియోగదారులే అని 2019 వినియోగదారుల రక్షణ చట్టమే చెబుతోంది. లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో 1995లోనే సుప్రీంకోర్టు ఆటోను, లారీని ఉదాహరణగా తీసుకుంది. సొంతంగా నడుపుకోవడానికి కొన్నవాడు, సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నా వినియోగదారుడే. పూర్తిగా వేరొకరి చేత నడిపించడానికి కొంటే కాదు. నాలుగు బండ్లున్న ట్రాన్స్‌పోర్టు యజమానికి సివిల్ కోర్టే దారి. మీరే నడుపుతారని, కుటుంబం దాని మీదే బతుకుతోందని ఫిర్యాదులో స్పష్టంగా రాసి, లైసెన్సు కాపీ జతచేయండి. బండి మీద జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును వ్యాపార పన్నులో తగ్గించుకోవడం) తీసుకుని ఉంటే ఎదుటి లాయరు దాన్నే పట్టుకోవచ్చు, మీ లాయరుకు ముందే చెప్పండి.

ముందు డీలరుకు, కంపెనీకి ఇద్దరికీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపి రసీదులు ఉంచుకోండి. బండి ధర 50 లక్షల లోపు కాబట్టి జిల్లా కమిషనే. మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు, కంపెనీ ఊరికి వెళ్లక్కర్లేదు. కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. ఫీజు 5 లక్షల లోపు బండికి లేదు, 10 లక్షల వరకు 200 రూపాయలు, 20 లక్షల వరకు 400. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఆన్‌లైన్లోనూ వేయవచ్చు.

కొత్త బండి ఇప్పించమనే కోరిక ఒక్కటే పెట్టుకుని వెళ్లకండి. పార్టు మార్చితే పోయే లోపానికి బండి మొత్తం మార్చనక్కర్లేదని 2006లో ఒక కారు కేసులో సుప్రీంకోర్టు అంది. కాబట్టి బండి మార్చాలి, లేదా డబ్బు తిరిగివ్వాలి, అదీ కాకపోతే లోపం పూర్తిగా సరిచేసి వారంటీ పెంచి నష్టపరిహారం ఇవ్వాలి అని వరుసగా అడగండి. తయారీ లోపమని నిరూపించడానికి నిపుణుడి నివేదిక కావాలి. ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీ మెకానికల్ విభాగం చేత పరీక్ష చేయించమని కమిషన్‌ను కోరవచ్చు. షెడ్డులో ఉన్న రోజుల్లో వేరే బండి కిరాయికి తీసుకుని ఉంటే ఆ రసీదులే నష్టానికి లెక్క. పరీక్ష అవసరమైన కేసును అయిదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది, ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుంది. ఈలోగా కంపెనీ రాజీకి వస్తే ఒప్పుకున్నవన్నీ రాతలో పెట్టించుకోండి.

ఇంజిన్ మార్చి ఇస్తే కొత్త ఇంజిన్ నంబరు కంపెనీ లెటర్‌హెడ్ మీద తీసుకుని, ఆర్టీఏ ఆఫీసులో ఆర్‌సీలో మార్పించండి, ఇన్సూరెన్సు కంపెనీకీ ఫైనాన్స్ కంపెనీకీ తెలియజేయండి. పాత నంబరుతోనే బండి తిరుగుతుండగా యాక్సిడెంట్ అయితే క్లెయిము దగ్గర మళ్లీ పేచీ మొదలవుతుంది.