ఫోన్ పెట్టేసిన వెంటనే పని రాసుకోవాలంటే ఒక్క లైను చాలు

అనంతపురంలో ఇన్వర్టర్లు, బ్యాటరీల సర్వీసు చేస్తుంటాను. ఫోన్లన్నీ సరిగ్గా బండి మీద ఉన్నప్పుడే వస్తాయి. మొన్న టవర్ క్లాక్ దగ్గర బండి పక్కకు ఆపి ఎత్తితే, "అన్నా, బ్యాటరీలో నీళ్లు అయిపోయినట్టుండాయి, రేపు పదికి వస్తావా?" అన్నాడొకాయన. ఇదివరకైతే సరే అని పెట్టేసి, సాయంత్రానికి మర్చిపోయి, మర్నాడు మాటలు పడేవాణ్ణి. ఇప్పుడు బండి స్టార్ట్ చేసేలోపు పనులు రాసుకునే టోడూయిస్ట్ యాప్‌లో ఒక లైను కొట్టేస్తాను.

ప్లస్ గుర్తు నొక్కండి, కంప్యూటర్లో అయితే క్యూ అక్షరం. క్యాలెండర్ బొమ్మ జోలికి పోవద్దు, టైమంతా తినేది అదే. పని తెలుగులోనే రాసి, తేదీ, టైము మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి: "డిస్టిల్డ్ వాటర్ 5 లీటర్లు tom 10am". tom అంటే టుమారోకి పొట్టిపేరు. ఆ ముక్క రంగు మారిందంటే యాప్‌కి అర్థమైనట్టే. "రేపు" అని రాస్తే దానికి ఎక్కదు. అందుకే మైకు నొక్కి తెలుగులో చెప్పే అలవాటున్నవాళ్లు పని వరకు చెప్పి, తేదీ చేత్తో కొట్టాలి.

అదే లైన్లో @ పెట్టి లేబుల్ కూడా తగిలించొచ్చు. నేను ఏరియా పేర్లు పెట్టుకున్నాను. సాయినగర్ వైపు పోతున్నానంటే ఆ లేబుల్ తెరుస్తాను, అక్కడి పనులన్నీ ఒకచోట కనిపిస్తాయి, పెట్రోలు మిగులుతుంది. # పెడితే ప్రాజెక్టు, అంటే ఆ పని చేరే జాబితా, p1 కొడితే అర్జెంటు. p1 అందరికీ పెట్టేస్తే ఇక దానికి విలువేముంది, వారానికి రెండు మూడు చాలు.

అన్నిటికన్నా నాకు పనికొచ్చింది మళ్లీ మళ్లీ వచ్చే పనులు. ఇక్కడ చిన్న ఆశ్చర్యార్థకంతో పెద్ద తేడా ఉంది. "every 3 months" అంటే మీరు పని ఆలస్యంగా చేసినా తర్వాతి తేదీ పాత లెక్క ప్రకారమే వస్తుంది. "every! 3 months" అంటే మీరు టిక్ పెట్టిన రోజు నుంచి మూడు నెలలు. బ్యాటరీలో నీళ్లు పోయడానికి రెండోదే కావాలి, ఇరవై రోజులు లేటుగా పోసినప్పుడు లెక్క ఆ పోసిన రోజు నుంచే కదా మొదలవ్వాలి. మన ఎండలకు నీళ్లు తొందరగా తగ్గుతాయి కాబట్టి వేసవిలో దాన్ని రెండు నెలలకు మారుస్తాను. షాపు అద్దె, జీఎస్టీ లాంటివాటికి మాత్రం మొదటిదే పెట్టాలి. నెలనెలా వేసే జీఎస్టీ రిటర్ను జీఎస్టీఆర్-3బీకి గడువు 20వ తేదీ, నేను "every 17th" అని కొట్టుకున్నాను, చివరి రోజు సైటు నెమ్మదిస్తే ఆ టెన్షన్ ఎవరికి కావాలి?

ఒక్కోసారి యాప్ అతితెలివి చూపిస్తుంది. ఒక కస్టమర్ షాపు పేరులో sun అని ఉంది. ఆ రోజు సాయంత్రమే పోదామని వేరే తేదీ ఇవ్వకుండా పేరు రాసి వదిలేశాను, అది సండే అనుకుని పనిని ఆదివారానికి పడేసింది. ఆదివారం పోయి మూసిన షట్టర్ చూసొచ్చాను. అలా పేరు మీద రంగు పడితే దాన్ని ఒకసారి నొక్కండి, రంగు పోయి మామూలు మాటైపోతుంది, ఆ తర్వాతే సేవ్ కొట్టండి.