తొలకరి రాకముందే తుపాకీ చూసుకోండి

తుపాకీని ఎన్నాళ్లకోసారి శుభ్రం చేయాలని అడిగితే లైసెన్సుదారులు తలా ఒక లెక్క చెబుతారు. పేల్చిన ప్రతిసారీ అని ఒకరు, ఓ వంద తూటాలకోసారి చాలని ఇంకొకరు, దసరాకు ఆయుధపూజ నాడు ఎలాగూ తుడుస్తాం కదా అని మరొకరు. వేసవిలో ఈ లెక్కల్లో ఏదైనా చాలా తుపాకులకు నడిచిపోతుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా మాత్రం ఎన్ని తూటాలు పేల్చామన్నది కాదు, గాలిలో తేమ ఎంతుందన్నదే లెక్క. ఒక్క తూటా పేల్చని తుపాకీ కూడా వానాకాలంలో బీరువాలోనే తుప్పు పడుతుంది.

గాలిలో తేమ సుమారు 60 శాతం దాటితే ఉక్కు తుప్పు పట్టే వేగం బాగా పెరుగుతుంది. మన దగ్గర ముసురు రోజుల్లో అది 80, 90 దాకా పోతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు ఉండేవారికి సముద్రపు ఉప్పుగాలి అదనం. దీనికి తోడు మన చేతి చెమట. చెమటలో ఉప్పు ఉంటుంది కాబట్టి, ఇంటికొచ్చిన చుట్టానికి చూపించి అలాగే లోపల పెట్టేసిన తుపాకీ మీద కొన్ని రోజులకు వేలిముద్రల ఆకారంలోనే ఎర్రటి మచ్చలు తేలతాయి. కాబట్టి వానలు పడేటప్పుడు పేల్చినా పేల్చకపోయినా రెండు వారాలకోసారి బయటికి తీసి తుడవడం మంచిది. తీరప్రాంతంలో వారానికోసారి.

ఇక పేల్చిన తర్వాత సంగతి. ఇందులో తుపాకీకీ తుపాకీకీ చాలా తేడా ఉంది. పంట కాపలాకు లైసెన్సు తీసుకున్న మజిల్ లోడర్, అంటే మూతి వైపు నుంచి మందు కూరే తుపాకీ, అన్నిటికంటే తొందరగా పాడవుతుంది. అందులో వాడే నల్లమందు సురేకారం, గంధకం, బొగ్గుల మిశ్రమం. అది కాలాక మిగిలే మసి గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రాత్రి పందులను బెదరగొట్టడానికి ఒక్కసారి పేల్చి తెల్లారి చూద్దాంలే అనుకుంటే, తెల్లారేసరికి గొట్టం లోపల తుప్పు మొదలవుతుంది. దీన్ని నూనెతో తుడిస్తే లాభం లేదు, ఆ మసిలోని లవణాలు నూనెలో కరగవు. సబ్బు కలిపిన వేడి నీళ్లతో కడగాలి. నీళ్లు బాగా వేడిగా ఉంటే గొట్టం కూడా వేడెక్కి త్వరగా ఆరుతుంది. పూర్తిగా ఆరాకే నూనె. (బెదరగొట్టడం వేరు, చంపడం వేరు. పంట కాపలా లైసెన్సు చేతిలో ఉన్నంత మాత్రాన అడవిపందిని కాల్చే అనుమతి ఉన్నట్టు కాదు, దానికి వన్యప్రాణి చట్టం కింద విడిగా అనుమతి కావాలి.)

షాట్‌గన్‌లో వాడే పన్నెండు బోర్ కార్ట్రిడ్జ్‌ల మందు ఇంత మొండిది కాదు. పాత రకం ప్రైమర్లలో, అంటే మందును అంటించే అడుగు బిళ్లల్లో, పొటాషియం క్లోరేట్ ఉండేది, అది పేలాక గొట్టంలో ఉప్పు మిగిలిపోయేది. ఇప్పటి ప్రైమర్లు చాలావరకు అలాంటివి కావు. అయినా తాతల నాటి కార్ట్రిడ్జ్‌లు దాచుకున్నవారు, డబ్బా మీద ఏం రాసుందో కనపడనివారు అవి ఉప్పు రకమే అనుకుని ముందు వేడి నీళ్లతో ఒకసారి తుడవడం క్షేమం. ప్లాస్టిక్ వాడ్ (మందుకూ గుళ్లకూ మధ్య ఉండే అడ్డు) ఉన్నవైతే గొట్టం గోడలకు ప్లాస్టిక్ పొర పడుతుంది. దానికి కంచు బ్రష్ ఉండాలి, గుడ్డ ఒక్కటే చాలదు.

పాయింట్ టూటూ రైఫిల్‌తో పోటీలకు వెళ్లేవారి పద్ధతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. వాళ్లు గొట్టాన్ని ఊరికే కెలకరు. సీసపు బుల్లెట్ మీది మైనం లోపల పల్చటి పొరగా పడుతుంది, అది కుదురుకున్నాకే గురి నిలకడగా ఉంటుంది. శుభ్రం చేశాక మొదటి కొన్ని తూటాలు అటూ ఇటూ పోతాయి. అందుకే వందల తూటాలు పేల్చినా గొట్టం జోలికి పోకుండా బోల్ట్ (తూటాను వెనక నుంచి తోసి మూసే భాగం) ముఖం, చాంబర్ (తూటా కూర్చునే చోటు) మాత్రం తుడుచుకునేవాళ్లు ఉన్నారు. అది వాళ్లకు సరే. మన ఊళ్లో పెంకుటింట్లో ఉన్న డబుల్ బ్యారెల్‌కు మాత్రం ఆ పద్ధతి పనికిరాదు. ఎయిర్ రైఫిల్‌కు ఇంకో జాగ్రత్త ఉంది: స్ప్రింగ్ రకం వాటిలో గొట్టంలోకో సిలిండర్‌లోకో నూనె పోస్తే, గాలి ఒత్తిడికి ఆ నూనె అంటుకుని లోపలే పేలుతుంది. పొడి ఫెల్ట్ పెల్లెట్లు (ఒత్తిన ఉన్ని గుళ్లు) రెండు మూడు పేలిస్తే గొట్టం శుభ్రపడుతుంది.

తుప్పు కంటే ఎక్కువ భయపడాల్సింది తుడిచే పని గురించే. 'శుభ్రం చేస్తుండగా పేలిన తుపాకీ' అనే వార్త మన పేపర్లలో ఎన్నిసార్లు చదివామో. రోజూ ఆయుధాలతో పనిచేసే కానిస్టేబుళ్లకే ఇది జరుగుతోంది. తుపాకీ దానంతటది పేలదు, లోపల తూటా ఉందని చూసుకోకపోవడం వల్ల పేలుతుంది. అందుకని కూర్చునే ముందే తూటాలన్నీ ఆ గదిలో నుంచి తీసేసి వేరే గదిలో తాళం వేయండి. మ్యాగజైన్ ఉన్నదైతే మొదట మ్యాగజైన్ తీయాలి, తర్వాతే బోల్ట్ లాగాలి. వరస తప్పితే, బోల్ట్ లాగి ఒక తూటా బయటపడేయగానే, వదిలిన బోల్ట్ మ్యాగజైన్‌లోని ఇంకో తూటాను చాంబర్‌లోకి తోస్తుంది. ఖాళీ అనుకుని ట్రిగ్గర్ నొక్కేవాళ్లకు జరిగేది సరిగ్గా ఇదే. కంటితో చూడండి, చిటికెన వేలు పెట్టి తడిమి కూడా చూడండి. రివాల్వర్ అయితే సిలిండర్ బయటికి తెరిచి తూటాలు పట్టే అన్ని గదులూ చూడాలి. మజిల్ లోడర్‌లో కంటికి ఏమీ కనపడదు. ఖాళీగా ఉన్నప్పుడు మందు కూరే గజాన్ని (కడ్డీని) అడుగుదాకా దించి మూతి దగ్గర దాని మీద గీత గీసి ఉంచుకోండి. ఈసారి దించినప్పుడు ఆ గీత మూతికి పైన ఆగితే లోపల మందు ఉన్నట్టే. అప్పుడు క్యాప్ (మందును అంటించే చిన్న టోపీ) తీసేసి, ఇంకేమీ చేయకుండా లైసెన్సు ఉన్న గన్‌స్మిత్‌కు కబురు పెట్టాలి. ఇదంతా చేస్తున్నప్పుడు మూతి మనుషుల వైపు ఉండకూడదు. మధ్యలో ఫోన్ వచ్చి లేచి వెళ్తే, తిరిగొచ్చాక మొదటి నుంచి మళ్లీ చూడాలి.

తుడవడం తెలియనిది కాదు. ఎన్‌సీసీలో ఉన్నవారికి పుల్ త్రూ (గొట్టంలో నుంచి గుడ్డను లాగే తాడు), చిందీ (ఆ గుడ్డముక్క) గుర్తుండే ఉంటాయి: తుడవడానికి నాలుగంగుళాలు రెండంగుళాల ఫ్లానెల్ ముక్క, నూనె పట్టించడానికి నాలుగు బై ఒకటిన్నర. ఆ అరంగుళం తేడా ఉత్తినే పెట్టలేదు. నూనె గుడ్డ కాస్త వదులుగా ఉంటే పొర గీసుకుపోకుండా గొట్టం అంతా పరుచుకుంటుంది. వీలైన తుపాకీకి వెనక వైపు నుంచే రాడ్ దూర్చండి, మూతి అంచు అరిగితే గురి పోతుంది. గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడిచి, చివరికి పల్చగా నూనె పట్టించాలి.

ఆ నూనె ఏదన్నదాని మీద మన ఇళ్లలో చాలా సొంత వైద్యం నడుస్తుంది. కొబ్బరి నూనె వద్దు. అది 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, చలికి ట్రిగ్గర్ లోపలి భాగాలను పట్టేస్తుంది. ఆవనూనె, నువ్వులనూనె కొన్నాళ్లకు జిగురవుతాయి. డబ్ల్యూడీ-40 తడిని తరిమేయడానికి బాగుంటుంది కానీ నెలల తరబడి కాపాడేంత పొర నిలవదు, దాని మీద అసలు నూనె మళ్లీ రాయాలి. గన్ ఆయిల్ దొరక్కపోతే కుట్టుమిషన్ నూనె నయం. చెక్క మడమకు మాత్రం అవిసె నూనె.

దాచే దగ్గర ఒక అలవాటు మార్చుకోవాలి. తోలు కవర్ చూడ్డానికి బాగుంటుంది, తుపాకీ మోసుకెళ్లడానికీ బాగుంటుంది, దాచడానికి మాత్రం కాదు. తోలు తేమను పట్టి ఉంచుతుంది. తాళం వేసే ఇనుప బీరువాలో, బయటి గోడకు ఆనని చోట, సిలికా జెల్ సంచులతో పెట్టండి. నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగితే వేడి చేసి తేమ పోగొట్టి మళ్లీ వాడుకోవచ్చు.

ఎన్నికలొస్తే ఇంకో తంటా. కోడ్ రాగానే తుపాకీ స్టేషన్‌లోనో లైసెన్సు ఉన్న డీలర్ దగ్గరో అప్పగించాల్సి వస్తుంది. 2024లో మార్చి 16న కోడ్ వచ్చింది, జూన్ 4న లెక్కింపు జరిగింది. అప్పుడు అప్పగించినవారికి తుపాకీ తిరిగి చేతికొచ్చేసరికి తొలకరి పడింది. రెండున్నర నెలలు దాన్ని ఎవరూ తుడవరు. కాబట్టి ఇచ్చేముందే మామూలుకన్నా కాస్త మందంగా నూనె లేదా గ్రీజు పట్టించండి. తీసుకునేటప్పుడు అక్కడే వెలుతురులో చూసుకోండి. పైపొర తుప్పు నూనె, మెత్తటి ఉక్కు పీచుతో పోతుంది. లోపల గుంటలు పడితే సొంతంగా గీకకుండా గన్‌స్మిత్‌కు చూపించాలి.

మసిలో సీసం ఉంటుంది. వంటగదిలో, పిల్లలు పాకే చోట ఈ పని వద్దు. కిటికీ తెరిచి, పాత పేపరు పరిచి, చేతికి తొడుగు వేసుకుని చేయండి. మధ్యలో టీ తాగకండి. అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. వాడిన గుడ్డలు మూటగట్టి పారేయాలి, ఇంటి తుడుపుగుడ్డల్లో కలవకూడదు.

మళ్లీ పేల్చే ముందు గొట్టంలోని నూనె పొడిగుడ్డతో తీసేయాలి, ఆపైన ఖాళీ గొట్టంలో నుంచి వెలుతురు చూడాలి. మరిచిపోయిన గుడ్డముక్క కావచ్చు, కందిరీగ పెట్టిన మట్టిగూడు కావచ్చు, ఏది అడ్డం ఉన్నా గొట్టం చీలుతుంది. వానకు ఉబ్బిన కాగితపు కార్ట్రిడ్జ్‌ను బలవంతంగా దూర్చకండి, ఎండలో ఆరబెట్టి వాడకండి, డీలర్‌కు అప్పగించండి. చెమ్మ తగిలిన తూటా టిక్కుమని ఊరుకుంటే మూతిని ఖాళీ దిక్కుకే ఉంచి కనీసం అర నిమిషం ఆగండి, మజిల్ లోడర్‌కు ఇంకా ఎక్కువ. ఢామ్మనాల్సింది తుస్సుమంటే రెండో తూటా వేయొద్దు. వాడ్ గొట్టం మధ్యలోనే ఇరుక్కుని ఉండొచ్చు. తుపాకీ ఖాళీ చేసి, గొట్టం ఆ చివర నుంచి ఈ చివర దాకా కనపడితేనే మళ్లీ ముట్టుకోండి.