పెరటికోళ్ల పెంపకం – 4వ పాఠం: గోడ తక్కువ, చూరు ఎక్కువ

పోయిన పాఠంలో పునాది అడుగెత్తు లేపి మొరం కొట్టించాం. పది కోళ్లకు పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు అనుకున్నాం. ఇప్పుడు కప్పు, పక్కల సంగతి.

హైదరాబాదులో కోడికి అసలు గండం చలి కాదు, ఎండ. కోడికి చెమట పట్టదు. ఒంటి వేడే 41 డిగ్రీల దాకా ఉంటుంది. బయట 35 దాటితే రెక్కలు ఎడంగా పెట్టి, నోరు తెరిచి రొప్పుతుంది. మన దగ్గర మే నెలలో 40 దాటడం మామూలే. బరువైన కోడికి ఈ బాధ ఇంకా ఎక్కువ, రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ తీసిన వనరాజ రకం కోళ్లు తెచ్చుకున్నవాళ్లు గుర్తుంచుకోవాలి. అందుకని నాలుగు వైపులా ఇటుక గోడ లేపి చిన్న కిటికీ పెట్టే నమూనా (యూట్యూబులో చలిదేశాలవి చూసి చాలామంది అదే అడుగుతున్నారు) మనకొద్దు. అడుగున్నర గోడ, ఆపైన అంతా ఇనుప జాలి.

పొడవు తూర్పు–పడమరలుగా ఉండాలి. అప్పుడు పొద్దుటి ఎండా, సాయంత్రపు ఎండా పొట్టి పక్కల మీదే పడతాయి. పడమటి పక్కను మాత్రం ఉత్త జాలితో వదలొద్దు. నాలుగు గంటల ఎండను ఏ చూరూ ఆపలేదు. అక్కడ నిండు గోడైనా కట్టాలి, దొండపాదైనా పాకించాలి. నన్నడిగితే దొండపాదే మేలు. గోడ రాత్రి దాకా సెగ కక్కుతుంది, పాదుకు ఆ గుణం లేదు.

చూరు దక్షిణం వైపు ఉంటే చాలదా అంటారు కొందరు. చాలదు. మే రెండో వారంలో సూర్యుడు సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు. అక్కణ్నుంచి ఆగస్టు మొదటివారం దాకా మధ్యాహ్నం పూట ఉత్తరానికే ఒరిగి ఉంటాడు. రెండు వైపులా మూడేసి అడుగుల చూరు వదలండి.

కప్పు ఒంటివాలుగా వేయండి: దక్షిణం గుంజలు ఐదున్నర అడుగులు, ఉత్తరం గుంజలు ఏడు. వానకాలం గాలి పడమర, నైరుతి నుంచి కొడుతుంది కాబట్టి కిందికి దిగిన చూరు జల్లును ఆపుతుంది, వేడిగాలి ఎత్తు వైపు నుంచి పోతుంది. దక్షిణం అంచు దగ్గర మనిషి వంగాల్సిందే, తలుపు ఉత్తరం వైపు పెట్టుకోండి. రేకుల మీద ఎండకాలం మొదట్లోనే తెల్లసున్నం పూయాలి.

చూరు పెద్దదైతే ఏప్రిల్, మే నెలల ఈదురుగాలి దాన్ని కింద నుంచి లేపుతుంది. రేకుల మీద ఇటుకలు పేర్చడం రక్షణ కాదు, ఎగిరినప్పుడు అవే కోళ్ల మీద పడతాయి. రేకుకు జె బోల్టులు (కొక్కెంలా వంగినవి), వాసాన్ని గుంజకు కలుపుతూ ఇనుప తీగ, గుంజ రెండడుగులు కాంక్రీటులో. ఇందులో ఏదీ తగ్గించొద్దు.

ఇక పరదా. ఎక్కువమంది దీన్ని పైన మేకులు కొట్టి కిందికి వేలాడదీస్తారు. అప్పుడు జల్లు ఆగుతుంది, దాంతోపాటు పైగాలీ ఆగుతుంది. కోళ్ల కింద పరిచిన ఊక తడిస్తే లేచే అమ్మోనియా కంపు లోపలే తిరుగుతుంది. టార్పాలిన్ కింది అంచును అడుగున్నర గోడకు బిగించి, పై అంచుకు కర్ర కుట్టి, తాడుతో పైకి లాగేలా పెట్టండి. ఎంత లాగినా పైన అడుగు ఖాళీ ఉండాలి. జల్లూ, చలిగాలీ కోడి దాకా రావు, కంపు మాత్రం పైనుంచి పోతుంది. సరిపోయిందో లేదో చూడాలంటే తెల్లవారుజామున లోపలికెళ్లి గొంతుక్కూర్చోండి, కోడి తల ఎత్తులో మీ కళ్లు మండితే పరదా దించాల్సిందే.

ఉత్తరం, తూర్పు పక్కలకూ పరదా కావాలి. 2020 అక్టోబరు 13న నగరాన్ని ముంచిన వాన బంగాళాఖాతం వాయుగుండంతో వచ్చింది. నైరుతి వానలు వెనక్కి మళ్లే వేళ గాలి ఇటు నుంచే తిరుగుతుంది.

ఎండకాలంలో జాలికి తడి గోనెలు కట్టొచ్చు. వానకాలంలో మాత్రం వద్దు, గాలిలో ఉన్న తేమే ఎక్కువ. నీళ్లు మేడ మీది నల్లట్యాంకువి పోయకండి, మధ్యాహ్నానికి అవి కాగుతుంటాయి. మట్టికుండవి పోయండి.

జాలికి అరంగుళం కళ్ల వెల్డ్‌మెష్ (తీగలు అతికించిన గట్టి జాలి) తీసుకోండి, సికింద్రాబాద్ రాణీగంజ్‌లో దొరుకుతుంది. పల్చటి కోడిజాలి కుక్క పంటికి ఆగదు.

ఈ వారం పని: నాలుగు మూలలా నాలుగు కర్రలు పాతి, పన్నెండింటికీ నాలుగింటికీ నీడలు సుద్దతో గీసుకోండి. పక్కింటి గోడ నీడ, చెట్టు నీడ పడితే అవీ గీయండి. వచ్చే పాఠంలో కోళ్లు రాత్రి ఎక్కి కూర్చునే దండేలు, గుడ్లపెట్టెలు ఎక్కడ పెట్టాలో ఆ గీతలను బట్టే చూద్దాం.