పాత బోటుకి రెండో మోటారు – మూడో పాఠం: ముందు ట్రాన్సమ్‌ని అడగండి

పోయిన పాఠంలో రెండో మోటారు అసలెందుకు, ఎంత పవర్ అనేది చూశాం. అందులో ఒక్క లెక్క మళ్ళీ చెప్పి ముందుకెళ్తాను. పడవ నీళ్ళని తోసుకుంటూ నిదానంగా వెళ్ళేటప్పుడు దాని స్పీడుకి ఒక హద్దుంటుంది. నీటి గీత దగ్గర పొడవు ఎన్ని అడుగులో చూసి, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ హద్దు నాట్లలో, అంటే గంటకి ఇన్ని నాటికల్ మైళ్ళని వస్తుంది. 14 అడుగులకి ఇంచుమించు 5 నాట్లు. ఆ 5 నాట్లకి 5, 6 హార్స్‌పవర్ చాలు, 9.9 పెట్టినా పెద్ద తేడా ఉండదు, వెనకాల బరువు మాత్రం పెరుగుతుంది. పెద్ద మోటారు మధ్యలో మొరాయిస్తే ఇంటికి చేర్చే చిన్న రెండో మోటారు, అంటే కిక్కర్ మనకి కావాలి గానీ రేసుకి కాదు కదా.

ఇవాళ మోటారు జోలికి వెళ్ళం. అది తగిలించే చోటు, అంటే ట్రాన్సమ్ గురించే మొత్తం పాఠం. పడవ వెనక భాగాన్ని మనవాళ్ళు అమరం అంటారు కదా, దాని చివర నిలువుగా ఉండే పలకే ట్రాన్సమ్. 1960ల నాటి ఫైబర్‌గ్లాస్ బోట్లలో ఎక్కువ వాటికి ఆ పలక లోపల ప్లైవుడ్ ఉంటుంది, బయట ఫైబర్ నున్నగా మెరుస్తూ ఉన్నా లోపల చెక్క ముక్కిపోయి పిండిలా అయిపోయి ఉండొచ్చు. పైగా ఆ రోజుల్లో ఆ పలకని ఒక్క మోటారుని, అదీ అప్పటి తేలిక మోటారుని మోయడానికే కట్టారు. ఇప్పుడు దానికి పాతిక కిలోల పైన ఉండే 6 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్, దాన్ని పట్టుకుని పైకీ కిందకీ లేపే బ్రాకెట్టు, రెండూ పలక నుంచి వెనక్కి జరిగి వేలాడతాయి, ఆ దూరం వల్ల బోల్టుల మీద పడే లాగుడు బరువు కంటే బాగా ఎక్కువ, అల తగిలిన ప్రతిసారీ అది ఇంకా పెరుగుతుంది.

కాబట్టి మొదటి పరీక్ష శబ్దం. స్క్రూడ్రైవర్ పిడితో ట్రాన్సమ్ అంతా లోపలా బయటా తట్టుకుంటూ వెళ్ళండి, గట్టి చెక్క టక్ టక్ అని పలుకుతుంది, కుళ్ళినచోట మెత్తగా డబ్ డబ్ అని శబ్దం వస్తుంది. డ్రెయిన్ ప్లగ్ చుట్టూ, పాత స్క్రూ రంధ్రాల దగ్గర, కింది మూలల్లో ఎక్కువసేపు తట్టండి, నీళ్ళు దిగేది అక్కడే. రెండోది, బోటు ట్రైలర్ మీద ఉండగా పెద్ద మోటారుని కొంచెం పైకి లేపి, కింది భాగం పట్టుకుని పైకీ కిందకీ ఊపుతూ ఇంకొకళ్ళని ట్రాన్సమ్ పై అంచు చూడమనండి. పలక కదిలినట్టు కంటికి కనిపిస్తే కిక్కర్ మాట పక్కన పెట్టండి, ముందు ట్రాన్సమ్ రిపేరే.

ఈ రెండూ పాసైనా నేను మూడోది చెయ్యకుండా వదలను. లోపలి వైపు నుంచి 4 మిల్లీమీటర్ల డ్రిల్లుతో కింది మూలల్లో రెండు మూడు చిన్న రంధ్రాలు పెట్టండి, బయటి ఫైబర్ దాకా పోకుండా డ్రిల్ బిట్ మీద టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోండి. వచ్చే పొట్టు లేత రంగులో, పొడిగా ఉంటే సంతోషం. నల్లగా, తడిగా, పుల్లటి వాసనతో వస్తే చెక్క పోయినట్టే. మంచి పడవకి రంధ్రాలేంటండీ అని చాలామందికి మనసొప్పదు, నాకూ మొదట్లో ఒప్పలేదు, తట్టి చూసి బాగుందనుకుని బిగించేశాను, రెండో ఏడు బ్రాకెట్టు పై బోల్టులు లోపలికి కుంగాయి. చూసేశాక ఆ రంధ్రాల్ని ఎపాక్సీతో, అంటే రెండు భాగాలు కలిపితే గట్టి ప్లాస్టిక్‌లా అయ్యే జిగురుతో నింపెయ్యండి, అయిపోతుంది.

చెక్క గట్టిగా ఉందని తేలాక నీళ్ళలో పరీక్ష. ఇది సరదాగా కూడా ఉంటుంది. బోటుని ఒడ్డు పక్కనే నిలిపి, మామూలుగా ఎంతమంది ఎక్కుతారో అంతమందినీ ఎక్కించి, పెట్రోలు ట్యాంకు నింపి, కిక్కర్ వచ్చే మూలకి మోటారూ బ్రాకెట్టూ కలిపి ఎంత బరువో అంత ఇసక సంచీల్లో కట్టి వేలాడదీయండి. ఇప్పుడు ట్రాన్సమ్‌లో మోటారు కోసం తగ్గించి కోసిన చోటుంటుంది చూడండి, దాని అంచు నీటికి ఎంత ఎత్తులో ఉందో స్కేలుతో కొలవండి. బాగా వెళ్తూ సడన్‌గా స్పీడు తగ్గిస్తే మన వెనకాల లేచిన అలే వచ్చి అమరం మీద నుంచి లోపలికి దూకుతుంది, పాత బోట్లలో ఆ కోత 15 అంగుళాల షాఫ్ట్ (నీళ్ళలోకి దిగే మోటారు కాలు) ఉన్న మోటార్లకని కిందికే ఉంటుంది, కాబట్టి అక్కడ తగ్గే ప్రతి అంగుళమూ లెక్కే. బోటు ఒక పక్కకి ఒరిగితే బ్యాటరీనీ ట్యాంకునీ రెండో పక్కకి, వీలైనంత ముందుకి జరిపి మళ్ళీ కొలవండి. మామూలుగా స్టీరింగ్ కుడివైపు ఉంటుంది, నడిపేవాళ్ళ బరువు అటే, కాబట్టి కిక్కర్ ఎడమవైపు పెడితే సగం పని దానంతట అదే సర్దుకుంటుంది.

చోటు గుర్తుపెట్టేముందు పెద్ద మోటారుని ఈ చివర నుంచి ఆ చివరకి పూర్తిగా తిప్పి, పైకెత్తి, దించి చూడండి. కిక్కర్‌ని కూడా అట్టముక్కతో దాని సైజుకి కోసి పెట్టి చూస్తే ప్రొపెల్లర్లు ఒకదానికొకటి తగులుతాయా, స్టీరింగ్ కేబుల్ నలుగుతుందా అనేది డ్రిల్లు పట్టకముందే తెలిసిపోతుంది. షాఫ్ట్ విషయానికొస్తే, పెద్ద మోటారుకి 15 అంగుళాలది సరిపోయినా కిక్కర్‌కి 20 అంగుళాలదే తీసుకోమంటాను. అది పలకకి వెనగ్గా, ఒక మూలకి ఉంటుంది కాబట్టి పొట్టి షాఫ్ట్ అయితే పడవ ఊగినప్పుడల్లా ప్రొపెల్లర్ నీళ్ళలోంచి బయటికొచ్చి గాల్లో గిర్రున తిరుగుతుంది, కుదురుగా తోయదు. బ్రాకెట్టు పైకి లేపినప్పుడు మాత్రం మొత్తం నీటి పైకి రావాలి, లేకపోతే స్పీడులో నీళ్ళు దానికి కొట్టుకుని బ్రాకెట్టుని విరిచినంత పని చేస్తాయి.

ఇక బోల్టులు. పాఠంలో ఇదే అసలు ముక్క, తొందరపడొద్దు. 3/8 అంగుళం బోల్టుకి 3/8 రంధ్రం పెట్టి సీలెంట్ (నీళ్ళు దిగకుండా పూసే జిగురు) పూసి బిగించేస్తే కొన్నాళ్ళకి సీలెంట్ వదులై చెక్కలోకి నీళ్ళు దిగుతాయి. అలా కాకుండా ముందు 5/8 రంధ్రం పెట్టండి, లోపలి చెక్కకి పలచటి ఎపాక్సీ బ్రష్షుతో బాగా తాగించండి, వెనక టేపు అంటించి, సిలికా పొడి కలిపి చిక్కగా చేసిన ఎపాక్సీతో రంధ్రం నింపి పూర్తిగా గట్టిపడే దాకా ఒక రోజు వదిలెయ్యండి. తర్వాత దాని నడిమధ్యలో 3/8 డ్రిల్లు దించండి. ఇప్పుడు బోల్టు చుట్టూ చెక్క లేదు, ప్లాస్టిక్ గోడ ఉంది, సీలెంట్ పోయినా నీళ్ళు చెక్కని చేరవు. బోల్టులు 316 స్టెయిన్‌లెస్‌వి, లోపలి వైపు చిన్న వాషర్లు కాదు, బ్రాకెట్టంత వెడల్పున్న అల్యూమినియం ప్లేటు. సీలెంట్‌లో 3M వాళ్ళ 5200 జోలికెళ్ళకండి, అది ఒకసారి పట్టిందంటే తీసేటప్పుడు ఫైబర్ ఊడొస్తుంది, 4200 రకం చాలు. సీలెంట్ పూశాక సగం బిగించి ఆపండి, అది రబ్బరులా అయ్యాక మిగతా సగం బిగించండి, మొదటే పూర్తిగా బిగిస్తే అంతా బయటికి కారిపోయి లోపల ఏమీ మిగలదు.

అల్యూమినియం బోటు ఉన్నవాళ్ళకి ఒక్క హెచ్చరిక. ట్రాన్సమ్ చెక్క మార్చాల్సొస్తే రాగి మందు ఎక్కించిన ప్లైవుడ్ పెట్టొద్దు, ఆ రాగి అల్యూమినియంని తినేస్తుంది.

ఈ వారం పని: తట్టి చూసినచోట్లన్నీ చాక్‌పీసుతో ట్రాన్సమ్ మీదే గుర్తులు పెట్టండి, శబ్దం మెత్తగా వచ్చినచోట అడ్డగీత, గట్టిగా ఉన్నచోట చుక్క. ఇసక సంచీల పరీక్షలో కోత అంచు ఎత్తు సంచీలు లేనప్పుడు, ఉన్నప్పుడు, బ్యాటరీ జరిపాక, మూడు అంకెలూ రాసిపెట్టుకోండి. వచ్చే పాఠంలో పెట్రోలు లైను, రెండు మోటార్లకి ఒకే ట్యాంకు పెడితే ఏమవుతుందో అక్కడ చూద్దాం, ఆ లెక్కల్లో ట్యాంకు ఎక్కడ పెట్టాలో తేల్చడానికి ఈ మూడు అంకెలే కావాలి.